బరువు లాగు బండికి ఏ గేరు మేలు?

చిత్తూరు సీమలో పంట పొలమును విడిచి కదలుట నేడు చాలవరకు ట్రాక్టరు వెనుకనే. చెరకు బెల్లపు గానుగకు పోవలెనన్నను, తోతాపురి మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి చేరవలెనన్నను, టమాటా మండీకి తరలవలెనన్నను, ఇంటి పనికి ఇసుకయు ఇటుకయు రావలెనన్నను ట్రాలీ కావలసినదే. చిత్తూరు, గాజులమండ్యము సహకార చక్కెర కర్మాగారములు మూతబడిన పిదప చెరకు పూర్వముకంటె దూరము ప్రయాణము చేయవలసి వచ్చినది. కుప్పము ప్రాంతపు గ్రానైటు దిమ్మెలు పొడవైన ట్రైలరు లారీలపై ఓడరేవుల వరకు పోవుచున్నవి. ఎద్దులబండి కాలములో ఊరి పొలిమేరతో ముగిసిన బరువు పని నేడు కనుమలు దాటి సాగుచున్నది.

ఈ సీమ సమతలము కాదు. పలమనేరు సముద్రమట్టమునకు సుమారు 680 మీటర్ల ఎత్తున నున్నది. చిత్తూరు సుమారు 330 మీటర్ల ఎత్తున నున్నది. అనగా పలమనేరునుండి చిత్తూరు చేరు బండి దాదాపు 350 మీటర్లు క్రిందికి దిగుచున్నది. ఈ దిగుడులో పెద్ద భాగము మొగిలి కనుమలోనే కలదు. పీలేరు వైపునుండి తిరుపతికి వచ్చువారికి భాకరాపేట కనుమ తప్పదు. పల్లెదారులలో చెరువు కట్టలు, వంకలు, మిట్టలు లెక్కకు మిక్కిలిగా నున్నవి.

ఇట్టి సీమలో బరువు బండి కొనదలచిన వారు ఇటీవల ఒక ప్రశ్న వేయుచున్నారు: “పట్టణములో కార్లు తమంతట తామే గేర్లు మార్చుకొనుచున్నవి. పెద్ద లారీలలో కూడ అట్టి ఏర్పాటు వచ్చినది. మా బండికి చేతి గేరు మేలా, ఆటోమేటిక్ గేరు మేలా?” ఇది సుఖమునకు సంబంధించిన ప్రశ్న మాత్రమే కాదు. అప్పు చేసి కొన్న బండి నిలుచుటయు, దానిని నడుపువాని ప్రాణము నిలుచుటయు దీనిపై ఆధారపడి యున్నవి. కావున ఈ విషయమును మొదటినుండి, తొందరపడక పరిశీలింతము.

గేరు చేయు పని

పొలములో బండరాయిని కదల్చుటకు మనము గునపము వాడుదుము. గునపపు చివర పట్టి మూరెడు నొక్కినచో రాయి రెండంగుళములు లేచును. చేయి ఎక్కువ దూరము కదలినది. రాయి తక్కువ దూరము కదలినది. కాని చేతి బలము ఎన్నో రెట్లు పెరిగినది. గేరు బాక్సు చేయు పని ఇదియే. ఇంజను ఎక్కువ చుట్లు తిరిగి చక్రమును తక్కువ చుట్లు త్రిప్పినచో ఈడ్పు పెరుగును, వేగము తగ్గును. ఇది లో గేరు. ఇంజను చుట్లకు చక్రపు చుట్లు దగ్గరైనకొలది వేగము పెరుగును, ఈడ్పు తగ్గును. ఇది టాప్ గేరు.

గేరు బలమును పుట్టించదు. ఇంజనులో నున్న శక్తిని వేగముగానో, ఈడ్పుగానో మార్చి ఇచ్చునంతే. రెండును ఒకేసారి కావలెనన్నచో ఏ గేరును ఇవ్వజాలదు.

ఒక చిన్న లెక్క

ట్రాక్టరు, ట్రాలీ, సరుకు కలిపి 8 టన్నులు, అనగా 8,000 కిలోలు అనుకొందము. మంచి రోడ్డుపై చక్రముల రాపిడిని జయించుటకు బరువులో సుమారు నలుబదవ వంతు ఈడ్పు కావలెను. అనగా సమతలముపై 200 కిలోల ఈడ్పు చాలును.

ఇప్పుడు 20 మీటర్ల దారికి 1 మీటరు చొప్పున లేచు వాలు వచ్చినది. బండి బరువులో ఇరువదవ వంతు, అనగా 400 కిలోలు, వెనుకకు లాగును. రాపిడి 200, వాలు 400, మొత్తము 600 కిలోలు. సమతలముకంటె మూడు రెట్లు! ఈ 600 కిలోలను గంటకు 15 కిలోమీటర్ల వేగముతో ఈడ్చుటకు చక్రముల యొద్ద సుమారు 33 అశ్వశక్తులు కావలెను. 20 కిలోమీటర్ల వేగమునకు 44 కావలెను. 45 అశ్వశక్తుల ట్రాక్టరులో కొంత శక్తి గేర్లలోను, టైర్ల జారుడులోను వ్యర్థమగును గనుక అది 20 కిలోమీటర్ల వేగముతో ఈ వాలు ఎక్కజాలదు. డ్రైవరు ఎంత నేర్పరియైనను, గేరు ఏ రకమైనను ఈ లెక్క మారదు.

అదే వాలున దిగునపుడు లెక్క తలక్రిందులగును. వాలు 400 కిలోల బలముతో ముందుకు లాగును. రాపిడి 200 కిలోలు అడ్డగించును. మిగిలిన 200 కిలోల నెట్టుడును ఎవరో ఒకరు పట్టియుంచవలెను. ఇంజను పట్టియుంచవలెను, లేదా బ్రేకు పట్టియుంచవలెను. మూడవ దిక్కు లేదు. ఈ వ్యాసమంతయు ఈ ఒక్క మాట చుట్టును తిరుగుచున్నది.

చేతి గేరు

పండ్ల చక్రములను జరిపి ఒకదానితో నొకటి కలుపు గేరు బాక్సు 1890 దశకములో ఫ్రాన్సు దేశములో పనార్డ్, లెవస్సోర్ అనువారి కార్లతో వ్యాప్తికి వచ్చినది. ఇంజనుకు, గేరు బాక్సుకు నడుమ క్లచ్చి యుండును. డ్రైవరు క్లచ్చి నొక్కినపుడు ఇంజను విడిపోవును. గేరు మార్చి వదలినపుడు మరల కలియును.

పాతకాలపు ట్రాక్టరు గేరు బాక్సులో బండి నడచుచుండగా గేరు మార్చుట కష్టము. తిరుగుచున్న రెండు పండ్ల చక్రముల వేగములు సరిపడనిచో అవి గీరుకొని కేకలు పెట్టును. పిమ్మట పండ్ల చక్రములు ఎల్లప్పుడు కలిసియే యుండు రకము వచ్చినది. చక్రముల వేగములను ముందుగా సరిచేసి కలుపు ‘సింక్రోమెష్’ ఏర్పాటు 1928లో అమెరికాలోని కాడిలాక్ కార్లలో మొదట కనబడినది. నేడు మన గ్రామములలో ఈ మూడు రకముల ట్రాక్టర్లును నడచుచున్నవి. తమ బండి ఏ రకమునకు చెందినదో ప్రతి యజమానియు తెలిసికొనవలెను. దిగుడులో ప్రాణము కాచునది ఈ తెలివియే. ఎట్లనగా ముందు చెప్పుదుము.

ఆటోమేటిక్ గేరు

ఆటోమేటిక్ అను ఒక్క పేరుతో పిలువబడుచున్నవి నిజమునకు వేరువేరు యంత్రములు.

మొదటిది నూనెతో శక్తిని అందించునది. రెండు ఫ్యానులను ఎదురెదురుగా నుంచి ఒకదానిని తిప్పినచో, దాని గాలికి రెండవది కూడ తిరుగును. గాలికి బదులు నూనె, అంతే భేదము. జర్మనీ దేశస్థుడైన హెర్మన్ ఫొట్టింగర్ 1905లో ఈ సూత్రముపై పేటెంటు పొందెను. దీనిని మెరుగుపరచినదే ‘టార్క్ కన్వర్టరు’. బండి కదలు క్షణమున ఇది ఇంజను త్రిప్పుడు బలమును దాదాపు రెండు రెట్ల వరకు పెంచి యిచ్చును. కాలితో నొక్కు క్లచ్చి యుండదు. గేర్లను నూనె ఒత్తిడియే మార్చును. అమెరికాలో జనరల్ మోటార్సు వారు 1939లో ‘హైడ్రామాటిక్’ అను పేర ఇట్టి గేరు బాక్సును విరివిగా అమ్మకమునకు తెచ్చిరి. రెండవ ప్రపంచ యుద్ధములో తేలిక టాంకులకు కూడ దానిని అమర్చిరి. నేడు గనులలో రాయి మోయు భారీ డంపర్లలో ఈ జాతి గేరు బాక్సులే విస్తారముగా వాడబడుచున్నవి.

రెండవది పేరుకు ఆటోమేటిక్, ఒడలు చేతి గేరుదే. లోపల మామూలు క్లచ్చి ప్లేటు, మామూలు పండ్ల చక్రములు నుండును. డ్రైవరు కాలు, చేయి చేయు పనిని చిన్న కంప్యూటరు ఆజ్ఞపై యంత్రము చేయును. దీనిని ఏ.ఎం.టి. అందురు. మన దేశములో 2014లో మారుతి సెలెరియో కారుతో ఇది సామాన్యులకు పరిచయమైనది. పెద్ద లారీలలో వోల్వో వారి ‘ఐ-షిఫ్ట్’ ఈ జాతిదే.

మూడవది మెట్లు లేని గేరు. జర్మనీలోని ఫెండ్ట్ కంపెనీవారు 1995లో ‘వేరియో’ అను ఇట్టి ట్రాక్టరును ప్రదర్శించిరి. మన ప్రాంతపు రైతుకు ఇది ఇంకను దూరపు మాటయే.

మరియొక హెచ్చరిక. కొన్ని ట్రాక్టర్లలో ముందుకు, వెనుకకు పోవుటకు స్టీరింగు ప్రక్కన ఒక చిన్న లివరు నుండును. క్లచ్చి నొక్కకయే దిక్కు మార్చవచ్చును. దీనిని ‘పవర్ షటిల్’ అందురు. ఇది మంచి సౌకర్యమే, కాని ఆటోమేటిక్ గేరు కాదు. అమ్మువారు ఆ పేరు చెప్పినను మనము భ్రమపడరాదు.

ఎగువకు పోవునపుడు

నిండు ట్రాలీతో మిట్టపై ఆగి మరల కదలుట చేతి గేరు డ్రైవరునకు పరీక్ష. క్లచ్చిని సగము వదలి, యాక్సిలరేటరు నొక్కి, బ్రేకు సడలించుచు మూడు పనులు ఒక్కసారి చేయవలెను. కొంచెము తడబడినచో బండి వెనుకకు జారును. లేదా క్లచ్చి ప్లేటు కాలి వాసన వచ్చును. టార్క్ కన్వర్టరు గల బండి ఇచ్చట నిశ్చయముగా మేలు. నూనె జారునే కాని ప్లేటు కాలదు.

అయితే జారిన నూనె వేడెక్కును. బరువుతో దీర్ఘకాలము మెల్లగా ఎక్కునపుడు ఆ వేడి గేరు బాక్సునకు శత్రువు. కావున బరువు లాగు ఆటోమేటిక్ బండికి నూనెను చల్లార్చు ప్రత్యేకమైన కూలరు ఉండి తీరవలెను. నూనెను కంపెనీ చెప్పిన గడువుకు మార్చి తీరవలెను.

ఏ.ఎం.టి. సంగతి వేరు. దానిలో కాలుటకు క్లచ్చి ప్లేటు ఉన్నది. మామిడి కాలములో గుజ్జు ఫ్యాక్టరీల ముందు బండ్లు బారులు తీరి గంటల తరబడి నిలుచుట మనమెరిగినదే. ఆ వరుసలో అడుగడుగునకు బండిని కదల్చుచు, ఆపుచు నుండినచో చేతి గేరు బండి క్లచ్చి ఎట్లు అరుగునో, ఏ.ఎం.టి. క్లచ్చియు అట్లే అరుగును. అట్టిచోట్ల ఇంజను ఆపి, ముందు బాగుగా ఖాళీ ఏర్పడిన తరువాత ఒక్కసారిగా లో గేరులో కదలుట మంచిది.

దిగువకు వచ్చునపుడు

ఇప్పుడు అసలు విషయమునకు వచ్చితిమి.

పై లెక్కలోని 8 టన్నుల బండి అదే వాలున 6 కిలోమీటర్లు దిగినదనుకొందము. ఎత్తు 300 మీటర్లు తగ్గినది. రాపిడికి పోగా మిగిలిన 200 కిలోల నెట్టుడును బ్రేకులే ఆపవలసివచ్చినచో, ఆ దారిలో అవి పుట్టించు వేడి సుమారు 40 లీటర్ల నీటిని తెర్ల కాచుటకు చాలును. మూడు బిందెల నీరు! ఆ వేడియంతయు కొద్దిపాటి బ్రేకు లైనింగులపై పడును. వేడెక్కిన లైనింగు పట్టు సడలును. డ్రైవరు మరింత గట్టిగా నొక్కును; అది మరింత వేడెక్కును. చివరకు పెడలు నేలకు ఆనినను బండి ఆగదు.

ఇంజను పట్టియుంచినచో ఈ ఆపద లేదు. లో గేరులో నున్న బండిని వాలు నెట్టినపుడు చక్రములే ఇంజనును త్రిప్పవలసివచ్చును. ఇంజను లోపలి రాపిడి, గాలిని అదుముటలోని బరువు అడ్డగించును. గునపపు న్యాయమే ఇక్కడ తిరగబడి పనిచేయును: గేరు ఎంత లో అయినచో ఇంజను అడ్డగింపు అంత హెచ్చగును. ఈ వేడి రేడియేటరు ద్వారా, పొగగొట్టము ద్వారా బయటికి పోవుచునే యుండును. బ్రేకులు చల్లగా నుండి అవసరమునకు పనికివచ్చును.

అందుచేతనే పాత డ్రైవర్లు “ఏ గేరులో ఎక్కుదువో ఆ గేరులోనే దిగుము” అందురు. తిరుమల కొండదారి ఇందుకు మంచి నిదర్శనము. మొదటి కనుమ దారి 1944లోను, రెండవది 1974లోను ఏర్పడినవి. నేడు పాతదారి దిగుటకు, క్రొత్తదారి ఎక్కుటకు వాడుచున్నారు. దేవస్థానమువారు వాహనములు ఇంతకంటె త్వరగా చేరరాదని కనీస కాలము నియమించినపుడు, ఎక్కుటకు 28 నిమిషములు, దిగుటకు 40 నిమిషములు పెట్టిరి. ఎక్కుటకంటె దిగుటకే ఎక్కువ కాలము! కొండ నెరిగినవారి వివేకము ఆ రెండు అంకెలలో నున్నది.

చేతి గేరు బండిలో ఈ పట్టు డ్రైవరు చేతిలోనే యుండును. వేసిన గేరు వేసినట్లే నిలుచును. కాని ఒక నియమము తప్పరాదు. దిగుడు మొదలు కాకముందే, సమతలముపై బండిని ఆపి, లో గేరు వేసికొనవలెను. నడుమ దారిలో గేరు తగ్గింపబోయినచో, ముఖ్యముగా పాత రకపు ట్రాక్టరులో, పై గేరు విడిపోవును, క్రింది గేరు పడదు. బండి న్యూట్రలులో నిలిచిపోవును. ఆ క్షణమునుండి ఇంజను పట్టు శూన్యము. 8 టన్నుల బరువు బ్రేకుల మీదనే. దిగుడులో క్లచ్చి నొక్కిపట్టుట కూడ న్యూట్రలుతో సమానమే.

డీజిలు పొదుపునకై బండిని న్యూట్రలులో వదలుదురను వాడుక కొందరిలో నున్నది. ఇది ప్రాణాంతకము మాత్రమే కాదు, లెక్కకు కూడ తప్పు. గేరులో నుంచి యాక్సిలరేటరు వదలినపుడు చక్రములే ఇంజనును త్రిప్పును గనుక గవర్నరు డీజిలును దాదాపు పూర్తిగా ఆపివేయును. న్యూట్రలులో నున్నపుడు ఇంజను ఆరిపోకుండుటకు డీజిలు కాలుచునే యుండును.

ఆటోమేటిక్ బండిలో వేరొక జాగ్రత్త కావలెను. డ్రైవరు యాక్సిలరేటరు వదలగనే సామాన్యపు ఆటోమేటిక్ గేరు “ఇక ఈడ్పు అవసరము లేదు” అని తలచి పై గేరునకు పోవచ్చును. అప్పుడు ఇంజను పట్టు తగ్గును. దిగుడునకు ముందే లివరును లో గేరు స్థానమునకు తెచ్చి నిలుపవలెను. క్రొత్త లారీలలో కొన్ని వాలును, బరువును తామే గుర్తించి గేరు తగ్గించుకొనును. పొగగొట్టపు బ్రేకు, రిటార్డరు అను అదనపు సాధనములు కూడ వానికి ఉండును. అట్టివి గల ఆటోమేటిక్ లారీ, నేర్పులేని చేతిలోని చేతి గేరు లారీకంటె క్షేమకరము. అవి లేని ఆటోమేటిక్ బండిని కనుమలో బరువునకు వాడరాదు.

2022 సెప్టెంబరులో తిరుమల దారిలో విద్యుత్ బస్సులు ప్రవేశపెట్టబడినవి. వీనిలో డ్రైవరు మార్చవలసిన గేర్లే లేవు. అయినను దిగునపుడు మోటారే డైనమోగా మారి బస్సును పట్టియుంచును. ఆ శక్తి బ్యాటరీలోనికి చేరును. గేరు ఎవరు మార్చుచున్నారు అనునది ముఖ్యము కాదు, దిగుడులో బరువును యంత్రము పట్టియుంచుచున్నదా లేదా అనునది ముఖ్యము అని ఇది కూడ తెలుపుచున్నది.

ట్రాలీ వెనుకనుండి నెట్టునపుడు

ట్రాక్టరు బ్రేకులు సాధారణముగా వెనుక చక్రములకే యుండును. కుడికి ఒకటి, ఎడమకు ఒకటి పెడలు నుండును. దున్నునపుడు మళ్ళుటకు ఈ విభజన మేలు. రోడ్డుపై మాత్రము రెండు పెడళ్ళను కొక్కెముతో కలిపి తీరవలెను. ఒక్క పెడలు మాత్రమే నొక్కినచో ట్రాక్టరు ప్రక్కకు తిరుగును. వెనుక ట్రాలీ దానిని నెట్టి బోర్లవేయును.

పెక్కు ట్రాలీలకు బ్రేకులే యుండవు. కావున ట్రాలీ బరువు ట్రాక్టరు బరువుకంటె ఎన్ని రెట్లు హెచ్చినచో దిగుడులో ఆపద అన్ని విధముల హెచ్చును. తడి రోడ్డుపై గట్టిగా బ్రేకు వేసినచో ట్రాక్టరు చక్రములు నిలిచినను ట్రాలీ నిలువదు. కత్తెరవలె రెండును ముడుచుకొనును. ఏ గేరు బాక్సును ఈ లోపమును తీర్చజాలదు. క్రొత్త ట్రాలీ చేయించువారు బ్రేకులు గల ట్రాలీనే చేయింపవలెను. ఇందుకగు వ్యయము ఆటోమేటిక్ గేరునకు పెట్టు వ్యయముకంటె ముందు పెట్టదగినది.

2022 మార్చిలో భాకరాపేట కనుమలో పెండ్లి నిశ్చయమునకు పోవుచున్న బస్సు లోయలో పడినది. 2024 సెప్టెంబరులో మొగిలి కనుమలో ఆర్టీసీ బస్సు, లారీలు ఢీకొన్నవి. రెండింటను ప్రాణనష్టము కలిగినది. కనుమ దారిపై మన బండి అదుపు తప్పినచో నష్టపోవునది మనమొక్కరమే కామని ఈ విషాదములు గుర్తుచేయుచున్నవి. ఎదురు వచ్చు బస్సులోని వారికి మన గేరుతో సంబంధము లేదు. కాని వారి ప్రాణము దానిపై ఆధారపడియున్నది. సరుకుపై కూలీలను కూర్చుండబెట్టి కనుమ దిగుట చట్టవిరుద్ధము. బీమా పరిహారమునకు కూడ చిక్కు తెచ్చును. అన్నిటికంటె ముందు అది అన్యాయము.

ఖర్చు, మరమ్మతు

చేతి గేరు బండి ధర తక్కువ. క్లచ్చి ప్లేటు అరిగినచో మండల కేంద్రములోని మెకానిక్కు షెడ్డులోనే మార్చవచ్చును. బ్యాటరీ చచ్చినచో దిగుడున తోసి ఇంజనును లేపవచ్చును. చెడిన బండిని న్యూట్రలులో పెట్టి మరొక బండితో లాగించుకొని రావచ్చును.

నూనెతో నడచు ఆటోమేటిక్ బండిని తోసి లేపుట కుదరదు. చెడినపుడు ఈడ్పు చక్రములు నేలకు ఆనియుండగా దూరము లాగినచో, ఇంజను తిరుగనందున నూనె పంపు పనిచేయక గేరు బాక్సు లోపల చెడిపోవును. దీనిని విప్పుటకు ప్రత్యేకమైన పనిముట్లు, శిక్షణ పొందిన వారు కావలెను. ఏ.ఎం.టి.లో లోపమును కనుగొనుటకే కంప్యూటరు అవసరమగును. కోత కాలములో బండి నాలుగు దినములు నిలిచినచో మామిడి నిలువదు, టమాటా నిలువదు. మరమ్మతునకు అగు రూపాయలతో పాటు నిలిచిన దినముల నష్టమును కూడ లెక్కింపవలెను.

మరియొక ప్రక్కను కూడ చూడవలెను. దినమునకు వందలసార్లు క్లచ్చి త్రొక్కు లారీ డ్రైవరు మోకాలు నొప్పి చిన్న విషయము కాదు. అలసిన డ్రైవరు తప్పు చేయును. చేతులు మారుచుండు అద్దె లారీలలో ఒక్కొక్కరు క్లచ్చిని ఒక్కొక్క విధముగా కాల్చుదురు. దూర ప్రయాణపు పెద్ద లారీలలో ఆటోమేటిక్ గేరు వ్యాపించుటకు ఇవియే కారణములు.

ఎవరికి ఏది?

ఇంతవరకు చూచిన దానినిబట్టి మా సలహా ఇట్లున్నది.

ఊరి పొలములలో దుక్కి, విత్తు పనులతో పాటు గానుగకు, మండీకి బరువు తోలు రైతునకు చేతి గేరు ట్రాక్టరే తగినది. స్తోమత యున్నచో సింక్రోమెష్ రకము, లేదా పండ్ల చక్రములు ఎల్లప్పుడు కలిసియుండు రకము ఎన్నుకొనవలెను. ఎక్కువ గేర్లున్నచో బరువునకు, వాలునకు సరిపడు వేగము దొరకును. మిగిలిన సొమ్ము ట్రాలీ బ్రేకులకు, మంచి టైర్లకు పెట్టవలెను.

కనుమ దాటి టమాటా, మామిడి తోలు మధ్యతరగతి లారీకి, యజమానియే నడుపునదైనచో, పొగగొట్టపు బ్రేకు గల చేతి గేరు చాలును.

గ్రానైటు దిమ్మెలవంటి భారములను పొడవైన ట్రైలరుపై వందల కిలోమీటర్లు తోలువారికి, జీతపు డ్రైవర్లపై ఆధారపడువారికి, కంపెనీ సర్వీసు కేంద్రము దారిలో అందుబాటున నున్నచో, రిటార్డరు గల ఆటోమేటిక్ లారీ మేలు. రిటార్డరు లేనిచో ఆ మాట ఉపసంహరించుకొనవలసినదే.

కొనుటకు ముందు

రైతు సోదరులు బయానా ఇచ్చుటకు ముందు ఈ క్రింది విషయములను అడిగి తెలిసికొనవలెను.

1. ఈ గేరు బాక్సు ఏ రకమునకు చెందినది? బండి నడచుచుండగా గేరు తగ్గింపవచ్చునా?

2. ఆటోమేటిక్ అయినచో, లో గేరును నిలిపియుంచు ఏర్పాటు కలదా? నూనె కూలరు కలదా?

3. ఎంత బరువు లాగుటకు కంపెనీ అనుమతించినది? అది కాగితముపై వ్రాసియున్నదా?

4. విడిభాగములు, తెలిసిన మెకానిక్కు ఎంత దూరములో నున్నారు?

5. నిండు బరువుతో మన దారిలోని మిట్టపై ఆపి, మరల కదల్చి, అదే మిట్టను బ్రేకు త్రొక్కకుండ దిగి చూపుదురా?

ఈ ఐదవ ప్రశ్న అన్నింటికంటె ముఖ్యము. ఖాళీ బండి నున్నని రోడ్డుపై చక్కగా నడచుట బరువు బండికి పరీక్ష కాదు. బండి ఎంత సులువుగా ఎక్కినదని కొందరు మురిసిపోదురు. ఎక్కలేని బండి ఆగిపోవును, అంతే. ఒక దినము నష్టము. దిగుటలో ఆగలేని బండి ఇంటిల్లిపాదిని నష్టపరచును. కావున బరువు బండికి గేరు ఎన్నుకొనునపుడు ఎక్కుట చూచి గాక, దిగుట చూచి ఎన్నుకొనుడు.

రచ్చబండ చర్చకు ప్రశ్నలు

1. మన ఊరినుండి మండీకి లేదా గానుగకు పోవు దారిలో అన్నిటికంటె ఏటవాలు ఎచ్చట నున్నది? నిండు ట్రాలీతో అచ్చట ఏ గేరులో దిగవలెను? గేరు వేసికొనుటకు బండిని ఎచ్చట ఆపవలెను?

2. ఊరిలోని ట్రాలీలలో బ్రేకులు గలవి ఎన్ని? లేనివానికి అమర్చుటకు యజమానులు కలిసి ఏమి చేయవచ్చును?

3. 10 టన్నుల మొత్తపు బరువు గల బండిని 20కి 1 వాలున దింపునపుడు ఇంజను, బ్రేకు కలిసి పట్టియుంచవలసిన నెట్టుడు ఎంత? (రాపిడి బరువులో నలుబదవ వంతు అనుకొనుడు. జవాబు: వాలు 500 కిలోలు, రాపిడి 250 కిలోలు, మిగిలిన 250 కిలోలు.)